ఏటా మళ్లీ చదివే పుస్తకం మీకుందా? (ఈసారి నాది మధ్యలో ఆగిపోయింది)

పెన్సిల్‌గీత

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప నేను రాసింది తక్కువ. ఇవాళ మాత్రం ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఊపిరాడేట్టు లేదు.

పదకొండేళ్లుగా ప్రతి డిసెంబరు చివరి వారంలో ఒకే పుస్తకం చదువుతున్నాను. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. మొదటిసారి చదివినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. దయానిధి నన్ను చూసి రాసిన పాత్ర అనుకున్నాను. తల్లి గురించి లోకం అనే మాటలు ఆ మనిషిని ఎక్కడికెళ్లినా వదలవు. ఎవరికీ దగ్గర కాలేడు, ఎవర్నీ దగ్గరకి రానివ్వలేడు. ఆ వయసులో నాకు అదంతా మహా లోతుగా కనిపించింది. పుస్తకం మొదటి ఖాళీ పేజీలో చదవడం పూర్తయిన తేదీ పెన్సిల్‌తో రాసుకోవడం అప్పుడే మొదలుపెట్టాను. ఇప్పుడక్కడ ఒకదాని కింద ఒకటి పదకొండు తేదీలున్నాయి.

పన్నెండోది పడేట్టు లేదు. ఈసారి తొంభై పేజీలు కూడా దాటలేదు. “బాబూ, ఏదో ఒకటి చెయ్యవయ్యా” అని దయానిధిని పైకే కసిరాను. పక్కగదిలోంచి మా ఆవిడ “ఎవరితో?” అని అడిగింది. పుస్తకం మూసేశాను. నాలుగు రోజులైంది, దిండు పక్కనే ఉంది, చెయ్యి పోవడం లేదు.

మీరు ఏటా చదివే పుస్తకాలేమిటి? ఎప్పుడైనా మీకిలా అడ్డం తిరిగిందా? ఆనవాయితీ కదా అని పళ్ల బిగువున పూర్తి చెయ్యాలా, వదిలెయ్యాలా?

చెదపురుగు

వదిలెయ్యండి. ఇందులో బెంగ పెట్టుకోవలసింది ఏముంది?

నాకసలు ఈ మళ్లీ చదవడమే అర్థం కాదు. లెక్క చూడండి. బాగా చదివేవాడు ఏడాదికి ముప్పై పుస్తకాలు చదువుతాడనుకుందాం. ఇంకో నలభై ఏళ్లు కళ్లు పనిచేస్తాయనుకుందాం. మొత్తం 1,200. అంతే. ఈ లోకంలో ఉన్న పుస్తకాల్లో మీకు దక్కేది ఆ 1,200. అందులో ఏటా ఒకటి పాతదానికే ఇచ్చేస్తే నలభై కొత్త పుస్తకాలు గల్లంతు. మా ఇంట్లో కొని విప్పనివి ఓ గుట్ట ఉన్నాయి. అవి నా వంక చూస్తుంటే చదివినదాన్నే మళ్లీ తియ్యడానికి నాకు మనసొప్పదు.

రెండోకూర్పు

చెదపురుగు గారూ, లెక్క బాగుంది. మీరు చదివిన కొత్తవాటిలో పోయినేడాది వాటి పేర్లు ఓ పది చెప్పగలరా? చూసుకోకుండా.

పెన్సిల్‌గీత గారికి: నాది కన్యాశుల్కం. పాతికేళ్ల పైమాటే. నా పేరు చూస్తేనే తెలిసిపోతుందిగా. గురజాడ ఆ నాటకాన్ని ఒకసారి రాసి వదిలెయ్యలేదు. 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో దాదాపు కొత్తగా తిరగరాసి రెండో కూర్పు వేశారు. ఐదంకాలు ఏడయ్యాయి. ఇప్పుడు మనందరి చేతుల్లో ఉన్నది ఆ రెండోదే. రాసినాయనకే ఒకసారి సరిపోలేదు, చదివేవాళ్లకి ఎలా సరిపోతుంది?

కాలేజీ రోజుల్లో గిరీశం కోసం చదివాను. ఆ ఇంగ్లీషు ముక్కలు, ఆ కోతలు, వెంకటేశాన్ని బుట్టలో వేసుకునే తీరు, పడీపడీ నవ్వేదాన్ని. ముప్పయ్యేళ్లు దాటాక గిరీశం పక్కకి పోయాడు, మధురవాణి ముందుకొచ్చింది. మొత్తం నాటకంలో తలకాయ ఉన్న మనిషి ఆవిడొక్కతే అనిపించింది. చివరి అంకంలో మగవేషంలో సౌజన్యారావు పంతులు దగ్గరకి వెళ్లిన ఘట్టం నాలుగైదేళ్ల పాటు నాకు దాదాపు కంఠతా.

రెండేళ్ల క్రితం ఏమైందంటే, వెంకమ్మ కనిపించింది. అగ్నిహోత్రావధానులు భార్య. చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులుకి అమ్మేస్తున్నాడని మొగుడితో పోట్లాడి, చివరికి నూతిలో దూకుతుంది. ఆవిణ్ని బయటికి తీస్తారు, కథ ముందుకి వెళ్లిపోతుంది. ఆవిడ తోడబుట్టిన కరటకశాస్త్రి వేషాల ఎత్తు వెయ్యడానికి కారణమే ఆ నుయ్యి. అన్నేళ్లు చదివి కూడా నేను దాన్ని, తరువాతి నవ్వులకి దారి వేసే మలుపుగా దాటేశాను. ఆ రోజు మాత్రం అక్కడ ఆగాను. నాకూ ఒక కూతురుంది మరి. ఓ పావుగంట పేజీ తిప్పలేదు.

పుస్తకంలో అక్షరం మారలేదు. వెంకమ్మ 1909 నుంచీ ఆ నూతి దగ్గరే ఉంది.

చెదపురుగు

పది పేర్లు అడిగారు, ఆరు చెప్పగలిగాను. ఏడోది సినిమా అని తరవాత గుర్తొచ్చింది. ఒక దెబ్బ మీది, ఒప్పుకుంటున్నా.

నిదానం

ఈ విషయంలో పెద్దలు చెప్పినవి రెండున్నాయి. రష్యాలో పుట్టిన నవలాకారుడు నబకోవ్ విద్యార్థులకి చెప్పిన పాఠాల్లో ఒక మాటంటాడు: పుస్తకాన్ని చదవడం కుదరదు, మళ్లీ చదవడమే కుదురుతుందని. చమత్కారానికి అన్న మాట కాదు, దానికి కారణం కూడా చెప్పాడు. బొమ్మ ముందు నిలబడితే కన్ను ఒకేసారి మొత్తం చూస్తుంది, తరవాత వివరాల్లోకి వెళ్తుంది. పుస్తకం దగ్గర మొదటిసారి ఆ వీలుండదు. కళ్లు ఎడమ నుంచి కుడికి, పంక్తి తరవాత పంక్తి పాకాలి. కథ ఎక్కడ జరుగుతోంది, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఇవి పోగేసుకోవడానికే సగం శక్తి అయిపోతుంది. రెండోసారో మూడోసారో గానీ పుస్తకాన్ని బొమ్మలా నిలబెట్టి చూడలేం.

అమెరికన్ నవలాకారుడు ఫాక్‌నర్ అయితే పాత స్పానిష్ నవల ‘డాన్ క్విక్సోట్’ ఏటా చదువుతానని 1956లో అచ్చయిన ఇంటర్వ్యూలో చెప్పాడు. కొందరు బైబిలు చదువుకున్నట్టు. రెండు భాగాల లావుపాటి పుస్తకం అది. మొదటిది 1605, రెండోది 1615.

నా పని ప్రూఫులు దిద్దడం. ఒకే పుస్తకాన్ని నాలుగుసార్లు చదవక తప్పని ఉద్యోగం. చిత్రమేమంటే, నాలుగోసారి కూడా విసుగు రాని పుస్తకం పదింటిలో ఒకటే తగులుతుంది. మిగతావాటిలో రెండోసారికే వాక్యాల కింద బోలు వినిపిస్తుంది, గోడ మీద వేలితో కొట్టి చూసినప్పుడు ఇటుక లేని చోటు తెలిసిపోతుందే, అలా.

చెదపురుగు

ఫాక్‌నర్ చదివాడు సరే. ఫాక్‌నర్‌కి ఇంటికొచ్చి తెరిచే ఫోనుందా, రోజుకి నాలుగు వందల మెసేజీలున్నాయా?

(సరదాకి అన్నా. ఆ బోలు గోడ మాట మాత్రం నచ్చింది.)

క్లూలక్క

నాకిక్కడ చోటుంటుందో లేదో. నేను మళ్లీ మళ్లీ చదివేవి డిటెక్టివులు. “హంతకుడెవరో తెలిశాక ఇంకేం చదువుతావు?” అని మా ఇంట్లో రోజూ ఎత్తిపొడుపే.

నాకు అసలు మజా రెండోసారే. అగాథా క్రిస్టీ 1926లో రాసిన ‘రోజర్ ఆక్రాయిడ్ హత్య’ తీసుకోండి. మొదటిసారి ముగింపుకి తల గిర్రున తిరుగుతుంది. మోసం చేసింది, అన్యాయం అని తిట్టుకుంటాం. వెనక్కెళ్లి చదివితే ఆవిడ ఎక్కడా అబద్ధం ఆడలేదని తెలుస్తుంది. చెప్పాల్సినదంతా మన కళ్లెదుటే పెట్టింది. ఒక పేరా ఉంటుంది, అందులో రెండు వాక్యాల మధ్య ఉన్న ఖాళీలోనే మొత్తం వ్యవహారం నడిచిపోతుంది. మొదటిసారి ఆ ఖాళీ మీంచి హాయిగా నడుచుకుంటూ వెళ్లిపోతాం. ఎందుకంటే ఆ కథ చెప్పేది

నిర్వాహకురాలు

క్లూలక్క గారూ, క్షమించాలి, మీ పోస్టు చివరి నాలుగు వాక్యాలు తీసేశాను. వందేళ్ల నాటి పుస్తకమే, కానీ మొదటిసారి చదివేవాళ్లకి అది ఇవాళ్టి పుస్తకమే కదా. ముగింపులు మాత్రం చెప్పకండి.

క్లూలక్క

అయ్యో, ఆవేశంలో వేలు ఆగలేదు. సారీ.

ఇంకొకటి, ఇందులో ముగింపు గొడవ లేదు. షెర్లాక్ హోమ్స్ కథలు వరసగా మళ్లీ చదివేవాళ్లకే దొరికే సంగతి. మొదటి నవలలో (1887) డాక్టర్ వాట్సన్‌కి యుద్ధంలో తుపాకీ దెబ్బ తగిలింది భుజానికి. 1890లో వచ్చిన రెండో నవలలో ఆ దెబ్బ కాలికి దిగింది! కానన్ డాయిల్ వెనక్కెళ్లి చూసుకోలేదు, అంతే. ఒక్కసారి చదివి పక్కన పెట్టేవాళ్లకి ఇది తెలిసే అవకాశమే లేదు. నేను మూడోసారి పట్టుకున్నాను. ఆ రోజంతా ఏదో నేరాన్ని ఛేదించినంత గర్వంగా తిరిగాను.

అట్టపోయినపుస్తకం

నాది ‘బుడుగు’. ఎవరైనా నవ్వుకుంటే నవ్వుకోండి.

చిన్నప్పుడు చదివితే బుడుగు మనలాంటివాడు. పెద్దవాళ్లంటే వాడికున్న అభిప్రాయాలన్నీ మనవే. సీగానపెసూనాంబ మన ఫ్రెండు. ఇప్పుడు చదువుతుంటే నేను బుడుగు వైపు లేను. వాడి అమ్మానాన్నల వైపున్నాను. రాధా గోపాళం ఆ ఇంట్లో ఒకరితో ఒకరు రెండు మాటలు మాట్లాడుకోవాలంటే ఈ గండాన్ని ఎలా దాటుకు రావాలా అని నాకే టెన్షన్. బాబాయి ప్రేమకథ పిల్లాడి కంటికి ఏదో గూఢచారి వ్యవహారంలా కనిపిస్తుంటుంది, మనకేమో మొత్తం తెలుస్తూ ఉంటుంది. ముళ్లపూడి ఒకే వాక్యంలో ఇద్దరికి రెండు కథలు చెప్పాడు. చిన్నప్పుడు అందులో సగమే నా చేతికొచ్చింది.

ఒక బాధ కూడా చెప్పుకుంటా. నాకు ఇష్టమైన ఇంకో నవల పాత ప్రతి విడిపోయిందని కొత్త ముద్రణ కొన్నాను. ఎవరు వేశారన్నది ఇక్కడ వద్దు. అచ్చుతప్పులు పేజీకి మూడు. ఒకచోట ఏకంగా ఒక పేరా ఎగిరిపోయింది. ఆ పేరా నాకు గుర్తుంది కాబట్టి పోయిందని తెలిసింది. కొత్తగా చదివేవాళ్లకి అక్కడ ఏదో ఉండేదని కూడా తెలీదు. పాత ప్రతికే దారంతో కుట్టు వేసి మళ్లీ వాడుతున్నా. నిదానం గారూ, మీలాంటివాళ్లని ఎందుకు పెట్టుకోరండీ వీళ్లు?

నిదానం

పెట్టుకుంటారు. చివరి రెండు రోజులు మిగిలినప్పుడు.

తలగడకింద

నేను ఏటా చదివేది నవల కూడా కాదు, పెద్ద కథ. టాల్‌స్టాయ్ ‘ఇవాన్ ఇల్యిచ్ మరణం’. 1886 నాటిది. గట్టిగా కూర్చుంటే ఒక పూటలో అయిపోతుంది.

మొదటే మనిషి పోయాడని చెప్పేస్తాడు. కోర్టులో పనిచేసే తోటివాళ్లు పేపర్లో కబురు చూస్తారు. చూడగానే ప్రతివాడి బుర్రలో మెదిలేది ఒకటే: ఆ ఖాళీలోకి ఎవరొస్తారు, తన ప్రమోషన్ సంగతేంటి. ఆ తరవాత పరామర్శకి వెళ్లిన స్నేహితుడు విధవరాలి ఎదుట ఓ ఎత్తుపీట మీద కూర్చుంటాడు. దాని స్ప్రింగులు పాడయ్యాయి. ఆవిడ కన్నీళ్లు పెట్టుకుంటుంటే ఆయన కింద ఆ పీట ఎగిరెగిరి పడుతూ ఉంటుంది. ఇద్దరూ విషాదంగానే ఉండాలి, పీట ఉండనివ్వదు. మొదటిసారి చదివినప్పుడు ఇదంతా ఎందుకు పెట్టాడా అనుకున్నాను.

మూడేళ్ల కింద నాన్న మంచాన పడ్డారు. ఎనిమిది నెలలు. వచ్చినవాళ్లందరికీ కుర్చీ వెయ్యడం నా పని. అప్పుడు చూశాను, ఎవరు ఎలా కూర్చుంటారో. ఒకాయన చేతిలో ఫోను బోర్లా పెట్టుకుని, అది వణికినప్పుడల్లా తొడ కిందకి నెట్టేవాడు. ఆయన్ని నేను తప్పుపట్టను, నేనూ చాలా ఇళ్లలో అలాగే కూర్చుని ఉంటాను. ఆ పీట ఎందుకుందో అప్పుడర్థమైంది.

అందులో గెరాసిమ్ అని పనివాడుంటాడు. ఇవాన్ ఇల్యిచ్ కాళ్లు ఎత్తి పట్టుకుంటే నొప్పి తగ్గినట్టుంటుందని గంటలకొద్దీ తన భుజాల మీద పెట్టుకుని కూర్చుంటాడు. ఆయనకి అబద్ధం చెప్పనివాడు అతనొక్కడే. నాన్నకి మడమల దగ్గర మంట పుట్టేది. రెండు దిళ్లు పెట్టేదాన్ని, జారిపోయేవి. ఒకరాత్రి దిళ్లు తీసేసి నా ఒళ్లో పెట్టుకున్నాను. పావుగంటకి నిద్రపోయారు. నాకు తిమ్మిరెక్కింది కానీ కదల్లేదు. కథలోది చేద్దామని చెయ్యలేదు. చేశాక గుర్తొచ్చింది.

ఆయన పోయాక ఆ ఏడాది చదవలేదు. తరవాతి ఏడాది చదివాను. గెరాసిమ్ దగ్గర ఆగిపోతాననుకున్నా, హాయిగానే నడిచింది. ఏడుపొచ్చింది ఆ స్ప్రింగుల పీట దగ్గర.

పెన్సిల్‌గీత గారూ, నేను ఒక ఏడాది మానేశాను. పుస్తకం ఏమీ అనుకోలేదు.

పెన్సిల్‌గీత

తలగడకింద గారూ, ఆఫీసులో ఇది చదివి కాసేపు బయటికెళ్లి నిలబడ్డాను. థాంక్స్ అనడం చిన్న మాట.

పద్యంపిచ్చి

వచనం వాళ్లంతా మాట్లాడుకుంటున్నారు, నేనూ దూరుతున్నా.

మళ్లీ చదవాలా వద్దా అన్న ప్రశ్న పద్యం దగ్గర పుట్టదు. పాటని ఒక్కసారి విని, ‘అయిపోయింది, ఇంకోటి’ అనం కదా. పోతన అష్టమస్కంధంలో గజేంద్రమోక్షం నాకు పదేళ్లప్పుడు నోటికి వచ్చేసింది. అర్థం తెలిసి కాదు, తిట్ల భయంతో. అసలు చదవడం నలభై దాటాక మొదలైంది. నోటికి వచ్చినదాన్ని కళ్లతో నెమ్మదిగా చూస్తే, ఇన్నాళ్లూ తప్పు చోట విరిచి పలికిన పదాలు నాలుగు దొరికాయి. ముప్పయ్యేళ్లు తప్పుగా పాడానన్నమాట, తన్మయత్వంతో!

ఇంకో సంగతి. ఏనుగు మొదటే దేవుణ్ని పిలవదు. ముందు తన బలంతో పోరాడుతుంది, చాలాకాలం. పిలిచాక కూడా మధ్యలో సందేహపడుతుంది, అసలున్నాడా లేడా అని. చిన్నప్పుడు నాకు ఈ భాగమంతా మొసలి నోట్లోంచి కాలు బయటికొచ్చేదాకా కాలక్షేపం. ఇప్పుడు నాకు ఆ సందేహమే అసలు కథ. తరవాత విష్ణువు వచ్చే పద్యాలు ఎంత బాగున్నా.

నిన్ననేచేరా

అన్నలూ అక్కలూ, నేను పుస్తకాలు చదవడం మొదలుపెట్టే రెండేళ్లయింది. ఏటా చదవడానికి ఒకటి ఎంచుకోవాలంటే ఎలా? లావుపాటిదా, చిన్నదా? వేయిపడగలు అయితే ఎలా ఉంటుంది? పెద్ద పుస్తకం కదా, విలువగా ఉంటుందని.

చెదపురుగు

తమ్ముడూ, విశ్వనాథవారు దాన్ని 29 రోజుల్లో చెప్పి రాయించారని ప్రసిద్ధి. చదవడానికి నాకు 29 వారాలు పట్టింది. ఏటా అంటే మరి పెళ్లీ పెటాకులూ మానుకోవాలి.

రెండోకూర్పు

వెక్కిరింపులు పక్కన పెడితే, వేయిపడగలు మొత్తం ఏటా చదివే ఒకావిడ నాకు తెలుసు. నేను మాత్రం అందులో కొన్ని అధ్యాయాలే మళ్లీ చదువుతాను. ధర్మారావు వాదించేవాటిలో సగంతో నాకు పేచీ ఉంది. పేచీ ఉన్న పుస్తకాన్ని కూడా మళ్లీ తియ్యాలనిపించడమే గమ్మత్తు. ఊఁ కొట్టించుకునే పుస్తకాలు ఒక్కసారికి సరిపోతాయి.

బాబూ నిన్ననేచేరా, ముందే ఎంచుకోకు. ఏటా చదివే పుస్తకం అనేది మొదటి ఏడాది తెలియదు. మూడో ఏడాది వెనక్కి చూసుకుంటే అలవాటైపోయి ఉంటుంది.

అట్టపోయినపుస్తకం

చిన్నదే మంచిదని నా ఓటు. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. ఒక ముసలివాడు, ఈనడానికి అడవిలోకి వెళ్లిపోయిన పంది, ఒక రాత్రి. అంతే సరంజామా. ముసలివాడికి పేరు కూడా లేదు. దాని పక్కనే హెమింగ్‌వే ‘ముసలివాడు – సముద్రం’ (1952) పెట్టుకుని ఒక వారంలో రెండూ చదువుతాను. అక్కడ శాంటియాగోకి 84 రోజులు చేప పడదు, 85వ రోజు నడిసముద్రంలోకి వెళ్తాడు. రెంటినీ పోల్చి మనది హెమింగ్‌వేకి కాపీ అనేవాళ్లుంటారు, ఒకదాని తరవాత ఒకటి చదివితే ఆ మాట అనలేరు. శాంటియాగో చేపని తమ్ముడంటూనే చంపాలని చూస్తాడు. మన ముసలివాడు కాపాడాలని వెళ్తాడు. వెళ్లిన పనే వేరు.

లావుదే కావాలంటే ‘ఏడు తరాలు’ తెలుగుది. అలెక్స్ హేలీ ఇంగ్లీషు పుస్తకం (1976) చాలా పెద్దది, సహవాసి దాన్ని బాగా కుదించి తెలుగులోకి తెచ్చారు. తెలుగు చాలాసార్లు చదివాక ఒకసారి ఇంగ్లీషు పట్టుకున్నాను. కుంటా కింటే డోలు చేసుకోవడానికి కర్ర కోసం వెళ్లి పట్టుబడతాడు కదా, ఇంగ్లీషులో ఆ ఘట్టానికి చేరేసరికే బోలెడు పేజీలు. ఆఫ్రికా ఊళ్లో వాడి చిన్నతనమంతా తీరిగ్గా చెప్తాడు. మొదట ఓపిక పోయింది. తరవాత తట్టింది, అంతసేపు ఆ ఊళ్లో ఉంచాడు కాబట్టే పోయినప్పుడు అంత పోయినట్టుందని. అయినా ఏటా చదివేది తెలుగుదే. ఆ వాక్యాలు నాతో పెరిగినవి.

చెదపురుగు

ఒక విషయం ఒప్పుకోవాలి. నేను మళ్లీ చదవనని బడాయి పోయాను. అబద్ధం. ‘మహాప్రస్థానం’ తీస్తుంటాను. మొత్తం కాదు, చలం రాసిన యోగ్యతాపత్రం. దాని మీద తేదీ 1940, పుస్తకం వచ్చింది 1950లో. లోపలి కవితలకి నాకు ఇరవయ్యేళ్లప్పుడున్న ఆవేశం ఇప్పుడు లేదు, చెప్పడానికి సిగ్గేమీ లేదు. ముందుమాట మాత్రం ప్రతిసారీ పట్టుకుంటుంది. వచ్చే పుస్తకం కోసం ఒక మనిషి అంత పొంగిపోయి రాశాడు, అది పదేళ్లు రాలేదు. దాన్ని చదవడమంటే స్టేషన్లో ఎవరికోసమో ఎదురుచూస్తున్నవాణ్ని చూడటంలా ఉంటుంది.

ముందుమాట మళ్లీ చదివితే పుస్తకం మళ్లీ చదివినట్టు కాదు. నా 1,200 లెక్క చెక్కుచెదరలేదు.

నిదానం

చెక్కుచెదరలేదు లెండి, మీ మాటే.

పెన్సిల్‌గీత గారి తేదీల గురించి ఒకటి చెప్పాలి. పదహారో శతాబ్దపు ఫ్రెంచి రచయిత మాంటేన్‌ది కూడా ఇదే అలవాటు. చదివిన పుస్తకాన్ని మరిచిపోయి, కొత్తదనుకుని మళ్లీ తెరిచి, లోపల తన రాతే చూసి ఉలిక్కిపడేవాడట. అందుకని ప్రతి పుస్తకం చివర, చదవడం ముగించిన తేదీ, స్థూలంగా దాని మీద తన అభిప్రాయం రాసుకోవడం మొదలుపెట్టాడు. తేదీ ఒక్కటే కాదు, తీర్పు కూడా. పెన్సిల్‌గీత గారు తేదీలే రాస్తున్నారు. పదకొండుసార్లు చదివి ప్రతిసారీ నచ్చిందనే మనందరం అనుకుంటున్నాం. నిజంగా పదకొండుసార్లూ నచ్చిందా అండీ?

పెన్సిల్‌గీత

నిదానం గారి ప్రశ్న గుచ్చుకుంది. రెండు రోజులు జవాబు రాయలేకపోయాను.

నిజం చెప్పాలంటే ఏడో ఏడాది నుంచే పట్టు సడలింది. తొమ్మిదోసారి పూర్తిగా చదవలేదు, చివరి యాభై పేజీలు తిప్పేసి తేదీ వేసేశాను. ఎవరు చూడొచ్చారు? ఆ తేదీ చూస్తే ఇప్పుడు నాకే నవ్వొస్తోంది. నా పుస్తకంలో నేనే దొంగసంతకం పెట్టుకున్నాను.

నిన్న రాత్రి దాని పక్కన బ్రాకెట్లో ‘చివర తిప్పేశాను’ అని రాశాను. కింద ఈ ఏడాది తేదీ వేసి, ‘82వ పేజీలో ఆపాను, దయానిధి మీద కోపం వచ్చింది’ అని రాశాను.

క్లూలక్క

అదీ! నిందితుడు నేరం ఒప్పుకున్నాడు.

నిన్ననేచేరా

నేనూ నా పుస్తకంలో తేదీ వేశా. పెన్సిల్‌ లేక పెన్నుతో వేశా, పర్లేదా?

రెండోకూర్పు

పెన్నుతోనా!! పర్లేదులే. మొదటిది కదా.

పెన్సిల్‌గీత

ఇంకో చిన్న సంగతి. పుస్తకం మూసేస్తుంటే ఒక పేజీ మూల మడిచి కనిపించింది. నేను చచ్చినా పేజీ మడవను. అడిగితే మా చెల్లి పోయిన వేసవిలో తీసుకెళ్లి చదివి తిరిగి పెట్టేసిందట, నాకు చెప్పనుకూడా లేదు. ఫోన్ చేసి మడిచినందుకు తిట్టబోయాను. “ఆ పేజీ చదివావా అన్నయ్యా?” అని అడిగింది.

తీసి చూశాను. దయానిధి భార్య ఇందిర ఉన్న పేజీ. ముందూ వెనకా నా పెన్సిల్ గీతలు కిక్కిరిసి ఉన్నాయి, అన్నీ దయానిధి ఆలోచనల కిందే. ఆ పేజీలో ఇందిర దగ్గర ఒక్క గీత లేదు. పదకొండేళ్లలో ఒక్కటీ లేదు.

రెండోకూర్పు

వెంకమ్మే గుర్తొచ్చింది నాకు.

మరి చదువుతున్నారా?

పెన్సిల్‌గీత

ఆ మడత దగ్గర్నుంచి. ఇందిర కనిపించే పేజీలు మాత్రమే వెతుక్కుంటూ, ముందుకీ వెనక్కీ. దీనికి తేదీ ఎలా వెయ్యాలో ఇంకా తేలలేదు.

మడత మాత్రం విప్పలేదు.